సూరత్ విత్తనం, రెండవ తరం

సూరత్ అనగానే తెలుగువారికి మొదట తోచేవి చీరలు. పిమ్మట అక్కడి మరమగ్గాలమీద బ్రతుకుతెరువు వెదుక్కుంటూ వెళ్ళిన తెలంగాణ నేతకుటుంబాలు. కాని పందొమ్మిదవ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లులలో ‘సూరత్’ అనేది ఊరిపేరు కన్నా నిష్ఠూరపు మాటగానే ఎక్కువగా వినిపించేది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి రాక తగ్గిపోగా, లాంకషైర్ కార్మికులు భారతదేశపు పొట్టి పింజ పత్తితో నెట్టుకురావలసి వచ్చింది. ఆ పత్తికి వారు పెట్టిన పేరు సూరత్. మాటిమాటికీ తెగిపోయే ఆ నూలుతో వారికి విసుగే మిగిలింది.

ఆ సూరత్‌లోని ప్రధాన పత్తి పరిశోధన కేంద్రంలో సి. టి. పటేల్ రూపొందించిన ‘హైబ్రిడ్-4’ 1970లో రైతుల చేతికి వచ్చింది. ప్రపంచంలో వాణిజ్యసరళిని సాగైన మొదటి సంకర పత్తి అదే. దిగుబడి మెండు, పింజ పొడవు. గుజరాత్ దాటి మహారాష్ట్ర, ఆంధ్ర చేలకూ అది వ్యాపించింది. దాని వెంట ఒక కొత్త నియమం కూడా వచ్చింది: ఈ చేనిలో పండిన గింజను మరుసటి యేడు విత్తరాదు. మంచి చెట్టు చూసి గింజ దాచుకోవడం తాతలనాటి అలవాటు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అని మన సామెత. సంకర విత్తనం విషయంలో సరిగ్గా అదే జరుగుతుందని చెబితే, అది వ్యాపారి కల్పించిన మాటేమోనని రైతు అనుమానించడంలో తప్పులేదు.

ఆ అనుమానం తీరాలంటే హైబ్రిడ్-4 తల్లిదండ్రులను చూడాలి. తల్లి ‘గుజరాత్-67’, తండ్రి ‘అమెరికన్ నెక్టరీలెస్’, అనగా తేనెగ్రంథులు లేనిది. మామూలు పత్తి ఆకును తిరగవేసి చూస్తే, నడిమి ఈనె మీద చిన్న గ్రంథి కనిపిస్తుంది. చీమలు దానిచుట్టూ తిరుగుతుంటాయి. తండ్రి రకానికి అది లేదు.

ప్రతి లక్షణానికీ కణంలో జన్యువులు జతలుగా ఉంటాయి. జతలో ఒకటి తల్లినుండి, ఒకటి తండ్రినుండి సంక్రమిస్తుంది. జతలోని రెండూ ఒకే తీరువైతే అది సమయుగ్మజం, వేరువేరైతే విషమయుగ్మజం. వేరువేరైనప్పుడు పైకి కనిపించేది బహిర్గతం, అణగి ఉండేది అంతర్గతం. తేనెగ్రంథి లేకపోవడం అంతర్గత లక్షణం. పైగా దానిని రెండు జతల జన్యువులు నిర్ణయిస్తాయి. ఆ నాలుగూ అంతర్గతమైనవైతేనే ఆకు నున్నగా ఉంటుంది. అందువల్ల గ్రంథులున్న మామూలు రకంతో దీనిని సంకరపరిస్తే, పుట్టిన మొక్కలన్నిటికీ గ్రంథులుంటాయి. చూపుకు అవి తల్లివంటివే, లోపల మాత్రం కావు. శాస్త్రజ్ఞులు దృశ్యరూపం, జన్యురూపం అని రెండు మాటలు వాడేది ఈ తేడా చెప్పడానికే.

ఆ మొక్కల గింజను మళ్ళీ విత్తితే అణగి ఉన్న తండ్రి బయటపడతాడు: రెండు జతలూ విడివిడిగా పంపకమై, సగటున పదహారు మొక్కలలో ఒకదానికి గ్రంథులుండవు. బఠాణీలలో ఈ లెక్కను మొదట పట్టుకున్నవాడు మెండెల్. రెండవ తరంలో ఆయనకు 5474 గుండ్రని గింజలు, 1850 ముడుతల గింజలు లభించాయి. దాదాపు మూడుకు ఒకటి. 1866లో అచ్చయిన ఆ లెక్కను లోకం 1900 వరకు పట్టించుకోలేదు.

గ్రంథి ఉన్నా లేకున్నా రైతుకు పెద్ద చింత లేదు. దిగుబడి సంగతి అట్లా కాదు. దానివెనుక అనేక జన్యువులున్నాయి, సంకరతేజం విషమయుగ్మజ జతలతో ముడిపడి ఉన్నది. స్వపరాగ సంపర్కంతో ఒక తరం గడిస్తే అటువంటి జతలలో సగం సమయుగ్మజాలైపోతాయి. ఫలితంగా చేనిలో ఒక మొక్క ఎత్తు, ఒకటి గిడస. ఒకటి ముందు పగులుతుంది, మరొకటి ఆలస్యంగా. పింజ కలగాపులగమైతే మార్కెట్టులో ధర పడిపోతుంది.

కాబట్టి యేటేటా మొదటి తరాన్నే కొత్తగా పుట్టించాలి. పత్తిపువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి గనుక ఇది చేతిపని. మరునాడు విచ్చుకోబోయే మొగ్గనుండి సాయంత్రం పుప్పొడి భాగాలను బొటనవ్రేలి గోటితో ఒలిచివేస్తారు; ఉదయం తండ్రి పువ్వును తెచ్చి అద్దుతారు. ఇంత శ్రమకు దక్కేది కాయకు ఇరవై అయిదో ముప్పయ్యో గింజలు. కూలి ఖరీదైన దేశాలు సాహసించని ఈ పని మన దేశంలో సాగింది. నంద్యాల, గద్వాల ప్రాంతాలలో దీనిని ‘క్రాసింగు’ అంటారు. సన్నని వ్రేళ్ళు కావాలనే సాకుతో, అసలు తక్కువ కూలికి, బడికి వెళ్ళవలసిన ఆడపిల్లలను ఈ చేలలోకి దింపారు. పొట్లంమీద అచ్చయ్యే ధరలో ఆ లెక్క కనిపించదు.

గింజ మొలవకుండా చేసే ‘టెర్మినేటర్’ జన్యువును గురించి 1998లో ఆంధ్ర, కర్ణాటకలలో పెద్ద కలకలం రేగింది. ఆ జన్యువు ఏనాడూ వాణిజ్య సాగులోకి రాలేదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తులు మాత్రం సంకరాలే. వాటి గింజ మొలుస్తుంది. మొలిచినవన్నీ ఒక్క తీరుగా ఉండవు, అంతే. సంకరపు తల్లిదండ్రులలో ఒకరికే బీటీ జన్యువుంటే, రెండవ తరంలో నాలుగింట ఒక మొక్కకు అది అసలే అందదు.

నంద్యాల పరిశోధన స్థానం రూపొందించిన ‘నరసింహ’ వంటి సూటి రకాల సంగతి వేరు. వాటిలో జతలు చాలావరకు సమయుగ్మజాలు. ఆ గింజను దాచుకున్న రైతుకు మరుసటి యేడు తల్లివంటి చేనే లేస్తుంది, ప్రక్కచేని పుప్పొడిని తేనెటీగలు మోసుకురాకపోతే.