గీతయు బీటయు

సంచికకు ఏదైన వ్రాయుడని సంఘమువారు కోరినప్పుడు, మా పూర్వులు ఈ హోసూరు ప్రాంతమునకు ఎన్నడు వచ్చిరో, ఏ ఊరినుండి వచ్చిరో వ్రాయవలెనని మొదట అనుకొంటిమి. ఆ విషయమును మాకంటె బాగుగ ఎఱిగినవారు వ్రాయుదురు. మేము గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. తెలుగు బడిలో మెట్రిక్కు వఱకు చదివినవారము. కావున గడచిన వేసవిలో మా ఇంటి పంచలో మేము చేసిన కారు చక్రముల మరమ్మతును గూర్చి వ్రాయుచున్నాము.

మావాడు నాలుగేండ్ల క్రిందట పాత కారు నొకదానిని కొనెను. వారమునకు రెండు దినములు దానిలో బెంగుళూరు పోవును. తక్కిన దినములలో అది మా చేతిలో నుండును. దాని చక్రములు ఉక్కు రేకువి గావు, అలాయ్ చక్రములు. అనగా అల్యూమినియములో నూటికి ఇంచుమించు 7 పాళ్ళు సిలికానును, కొలదిగా మెగ్నీషియమును చేర్చి పోతపోసినవి. తేలికదనమును అందమును వాని గుణములు. రాతికి ఒరసికొన్నచో పైపూత లేచి, దాని క్రింద తెల్లని పురుగులు ప్రాకినట్లు తుప్పు సాగుట వాని దోషము. గట్టి దెబ్బ తగిలినచో ఉక్కు చక్రము సొట్టపోవును, ఇది పగులవచ్చును. ఈ చివరి మాట మాకు అప్పటికి తెలియదు.

ఉగాది మఱునాటి సాయంకాలము బాగలూరు దారిలో ఎదుటి లారీ వెలుతురు కండ్లలో పడెను. మేము ఎడమకు త్రిప్పగా ముందరి చక్రము కాలువపై లేచియున్న బండ అంచునకు బలముగ తగిలెను. ఇంటికి వచ్చి చూడగా రిమ్ము అంచున జానెడు మేర గీతలు. మావానికి రేపు చెప్పుదమనుకొంటిమి. నాలుగు దినములైన పిదప వాడు బెంగుళూరునుండి వచ్చి, "ఆఫీసులో బండ్లు నిలిపే పిల్లవాడు చక్రం గీకేశాడు నాయనా, గట్టిగా అడిగి వచ్చాను" అనెను. మేము మజ్జిగ త్రాగుచుంటిమి. త్రాగుచునే యుంటిమి.

ఆ రాత్రి నిద్ర లేదు. చెప్పుటకు నోరు రాకున్నను, గీతలను మా చేతులతో మాపినచో తప్పు కొంత తీరునని మనస్సునకు సర్దిచెప్పుకొంటిమి. అంగడివాడు చక్రమొకటికి 2,500 రూపాయలు అడిగెను. పింఛను సొమ్ముతో బ్రదుకువానికి అది ఒక సాకు కూడ నయ్యెను.

చేయి అలవాటుపడుటకు ముందుగ వెనుకవైపు ఎడమ చక్రమును పట్టితిమి. దానికిని ఏనాటివో గీతలుండెను. నట్లను చక్రము నేలమీద నున్నప్పుడే కొంచెము వదులుచేసి, ఆ పిదప జాకీ ఎత్తవలెను. ఎత్తిన తరువాత పానా వేసి లాగినచో కారే కదలును. చక్రమును సబ్బునీటితో కడిగి, బ్రేకుల నల్లని పొడి వదలించి, థిన్నరు గుడ్డతో జిడ్డు తుడిచితిమి. టైరునకు రంగు అంటకుండ, రిమ్మునకు టైరునకు నడుమ పేకముక్కలను వరుసగ దూర్చితిమి. ఈ యుపాయము మాది కాదు, కాని ఆ పేక మాది. అప్పటినుండి మా ఇంట ఆట లేదు.

రుద్దుట పెద్ద పని. 120వ నంబరు ఉప్పుకాగితముతో ఎగుడుదిగుళ్ళను మట్టము చేసి, 220, 400 నంబరులతో నునుపు చేయుచు పోవలెను. లోతైన గంటులలో పుట్టీ నింపి, ఆరినపిదప మరల రుద్దవలెను. ఇక్కడి తమిళులు ఉప్పుత్తాళ్ అనునట్లే మేమును గరుకు కాగితమును ఉప్పుకాగితమనియే అందుము. మా మనుమడు దానిని నాలుకకు తగిలించి చూచి, "ఉప్పు లేదే తాతా!" అని మొగము చిట్లించెను. వాడు బడిలో తమిళమును ఇంగ్లీషును చదువును. తెలుగు మాట వానికి ఇంటిలోనే దొరకవలెను. గరుకు, నునుపు, గంటు, అంచు, మట్టము అను మాటలు ఆ పది దినములలో వాని నోట పడినవి. మేము నేర్పలేదు; పనియే నేర్పెను.

రుద్దిన అల్యూమినియమునకు గాలి తగులగనే సన్నని పొర యేర్పడును గాన, ప్రైమరు పూయుటలో ఆలస్యము చేయరాదు. అది ఆరిన తరువాత వెండిరంగును జానెడు దూరమునుండి పలుచగ మూడు పూతలు కొట్టితిమి. నట్లు కూర్చుండు గుంటలకును, చక్రము బండికి ఆనుకొను వెనుక ముఖమునకును రంగు తగులరాదు. అచ్చటి పూత నలిగినచో నట్టు వదులగును. ఇంతవఱకు చక్కగ జరిగెను. పైనవేయు నిగనిగల పూతను మాత్రము, మామిడి వాన తుంపర పడుచున్న సాయంకాలము తొందరపడి కొట్టితిమి. అరగంటలో చక్రమంతయు బియ్యపు కడుగు చల్లినట్లు తెల్లబారెను. పూతలోని ద్రావకము త్వరగ ఆవిరియగుచు లోహమును చల్లబరచును. గాలిలోని తేమ దానిపై దిగును. మరల 600వ నంబరు కాగితము, మరల మొదటి పని.

వారము తరువాత ముందరి చక్రమును దించితిమి. అది వారమునకు మూడు నాలుగు పౌనుల గాలి పోగొట్టుకొనుచుండగా, వాల్వు దోషమనుకొని నింపుచు వచ్చితిమి. వెనుకవైపు కడుగుచు సబ్బునురుగు మిగిలియుండగా మనుమడు, "తాతా, బుడగలు!" అనెను. వానికి అది ఆట. లోపలి అంచున, గీతలున్న చోటికి వెనుకగా, వెండ్రుకవంటి నల్లని గీటునుండి బుడగలు ఒకదానివెంట ఒకటి లేచుచుండెను. వీధి చివరి మెకానిక్కును పిలిచితిమి. అతడు గోటితో తడవి, "ఇదు కీఱల్ ఇల్లై సార్, విరిసల్" అనెను. గీత కాదు, బీట. దానిమీద రంగు వేసినచో కనబడదు. పరుగులో నున్నప్పుడు విడిపోవచ్చును. వచ్చు వారమే కోడలును పిల్లవానిని పలమనేరు పెండ్లికి ఆ కారులోనే పోవలసియుండిరి.

కచ్చేరీలో ముప్పదియైదేండ్లు లెక్కలు వ్రాసినవారము. చిట్టాలో అంకె తప్పినచో బ్లేడుతో గీకి దిద్దుట మహాపరాధము. కొట్టివేసి, సరియైనది పైన వ్రాసి, ప్రక్కన పొడి సంతకము చేయవలెను. క్రొత్త గుమాస్తాలకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పితిమో లెక్కలేదు.

ఆ రాత్రి మావానికి బుడగలను చూపి అంతయు చెప్పితిమి. వాడు చాలసేపు చక్రమునే చూచుచుండెను. "ఎప్పుడు తగిలింది నాయనా?" "ఉగాది మఱునాడు." "మరి ఆ పిల్లవాడు?" అనెను. దానికి మాయొద్ద సమాధానము లేదు. కోడలు మాత్రము, "ముందే చెప్పుంటే ఏమయ్యేది మామయ్యా?" అని లోనికి పోయెను. బీటను అతికించువారు కలరని తెలిసినది. కాని ఈ చక్రములను పోతపోసిన పిదప వేడిమినిచ్చి గట్టిపరతురు, అతుకు వేడికి ఆ గట్టిదనము చుట్టుపట్ల సడలును. ఒప్పుకొనక పింఛనులోనుండి క్రొత్త చక్రము కొంటిమి. అంగడివాడు అడిగిన దానికి మూడింతలు పోయినది.

బండ్లు నిలుపు కుఱ్ఱవాడు అప్పటికే ఆ పని మానెను. మావాడు పట్టుదలతో వాని ఫోను నంబరు సంపాదించి ఇచ్చెను. కన్నడములో మాటలాడి, తప్పు మాదేయని చెప్పి, క్షమింపుమని కోరితిమి. ఆ సంగతి తనకు జ్ఞాపకమే లేదనెను. నిజముగ మఱచెనో, మా గొంతులోని వయస్సు విని అట్లనెనో తెలియదు.

కుడివైపు ముందరి చక్రమును ఎండకాయు దినము చూచి ముగించితిమి. కుడివైపు వెనుకటిది మిగిలియున్నది. వానలు పట్టినందున ఆపితిమి. సంక్రాంతి వెళ్ళిన పిదప దించవలెను. ఉప్పుకాగితములను మనుమడు తన పలకలపెట్టెలో దాచియున్నాడు.