ఏ గ్రూపు తీసుకోవాలి?

4 మార్చి 2025

రాత్రి స్టడీ అవర్‌లో పేపరు చదివి వినిపించాను. చూపులేనివాళ్లు జడ్జి పోస్టులకు పనికిరారన్న మధ్యప్రదేశ్ నిబంధనను సుప్రీంకోర్టు నిన్న కొట్టేసింది. ఒక తల్లి రాసిన ఉత్తరంతో మొదలైన కేసట. పలాస అమ్మాయి మళ్లీ చదవమంది. చదివాను.

"జడ్జి అవ్వాలంటే ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకోవాలి టీచర్?"

ఏ గ్రూపైనా ఫర్వాలేదు, తర్వాత ఐదేళ్ల లా ఉంటుందని చెప్పాను. నేను ఈ అంధుల బడికి వచ్చిన కొత్తలో పదో తరగతి పిల్లల్ని ఏమవుతావని అడిగితే వరసగా టీచరు, బ్యాంకు అనేవాళ్లు. చూపులేనివాళ్లు ఉద్యోగం చేయడం వాళ్లకు ఆ రెండు చోట్లే తెలుసు మరి. ఇవాళ ఒకరు కోర్టు అన్నారు. నాకెంత సంతోషంగా ఉందో!

15 మార్చి

నర్సీపట్నం కుర్రాడికి పరీక్ష రాసిపెట్టడానికి వచ్చిన స్క్రైబు తొమ్మిదో తరగతి పిల్లాడు. చురుకైనవాడే కానీ వర్గసమీకరణాలు వాడికింకా రాలేదు. మనవాడు సూత్రం చెప్తున్నాడు: "మైనస్ బి, ప్లస్ ఆర్ మైనస్, రూట్ లోపల బి స్క్వేర్ మైనస్ ఫోర్ ఏసీ, మొత్తం కింద టూ ఏ." స్క్రైబు రూటు గీతను బి స్క్వేర్ మీదే ఆపేశాడు. టూ ఏ ఏమో ఫోర్ ఏసీ కింద మాత్రమే పడింది. రాసింది వాణ్ణే చదవమన్నాను. చదువుతుంటే మనవాడికి తప్పు తెలిసిపోయింది.

మనవాడు స్క్రైబు అరచెయ్యి తీసుకుని, దాని మీద వేలితో రూటు గుర్తు గీశాడు. గీత ఎంతదాకా లాగాలో, కింద భాగహారం గీత ఎక్కణ్ణుంచి ఎక్కడికి రావాలో గీసి చూపించాడు. అట్ట మీద దారం అంటించి ఆ ఆకారాలు మనవాడికి నేర్పింది నేనే. అది ఇలా ఇంకొకరికి నేర్పడానికి పనికొస్తుందని అనుకోలేదు. బ్రెయిలీలో అదే సూత్రం ఒకే వరసలో చుక్కలుగా సాగిపోతుంది. మనవాడు రెండు లిపుల్లో లెక్క చెయ్యాలి, పక్కవాడి చేతా చేయించాలి. ఈ పనికి మార్కుల మెమోలో గడి లేదు.

24 మార్చి

లెక్కల పరీక్ష. గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాం. అదనపు టైము కూడా అయ్యాక మనవాడు బయటికొచ్చి, "గీత కరెక్టుగా లాగాడు టీచర్" అన్నాడు.

2 ఏప్రిల్

నర్సీపట్నం కుర్రాణ్ణి వాళ్ల నాన్న తీసుకెళ్లడానికొచ్చాడు. ఊళ్లో అందరూ విజయనగరం సంగీత కళాశాలలో చేర్చమంటున్నారట. "కళ్లు లేనోడికి పాటే కదా మేడమ్ బతుకు! ఎంపీసీ ఏటి? రేపు ఏటైనా అయితే?"

ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఆ కళాశాలంటే నాకు చెప్పలేనంత గౌరవం. 1919లో విజయరామ గజపతి మహారాజు దాన్ని పెట్టించిందే ఆస్థానోద్యోగి కొడుకు, చూపులేని గంగరాజు కోసమంటారు. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాలు. కానీ గంగరాజు సంగీతం కావాలన్నాడు, చెప్పించారు. మనవాడు ఎంపీసీ చదివి కంప్యూటర్లు కావాలంటున్నాడు. అదే చెప్పాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. సదరం సర్టిఫికెట్ జిరాక్సులు అడిగి తీసుకున్నాడు.

23 ఏప్రిల్

ఫలితాలొచ్చాయి. అందరూ పాస్. పలాస అమ్మాయికి సోషల్లో అనుకున్నంత రాలేదని ఫోన్లో ఏడ్చింది.

5 మే

నర్సీపట్నం కుర్రాడు, వాళ్ల నాన్న, నేను జూనియర్ కాలేజీకి వెళ్లాం. దరఖాస్తు చూడకుండానే "హెచ్‌ఈసీ రాసెయ్యండి, సుఖంగా ఉంటాడు" అన్నారు. ఎవరి సుఖం? మచిలీపట్నం దగ్గర పల్లె నుంచి వచ్చిన, చూపులేని బొల్లా శ్రీకాంత్ ఇంటర్‌లో సైన్సు కోసం కోర్టుకెక్కాడు. గెలిచి 98 శాతం తెచ్చుకున్నాడు, అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు. పోయిన ఏడాది అతని మీద సినిమా కూడా వచ్చింది. అయినా ప్రతి పిల్లాడూ మళ్లీ మొదటి మెట్టు నుంచే ఎక్కాలంటే నాకు మండుతుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కాగితాలు బల్ల మీద పెట్టాను. పాఠ్యాంశాల్లో, పరీక్షల్లో తగిన మార్పులు చెయ్యాలని అందులో రాసే ఉంది.

ప్రాక్టికల్స్ సంగతి అడిగారు. నేను నోరు తెరిచేలోపే వాడు అందుకున్నాడు. "రీడింగు చూసి చెప్పే మనిషినివ్వండి సార్. ఏ రీడింగు ఎప్పుడు తియ్యాలో నేను చెప్తాను, లెక్క నేను వేస్తాను." వాళ్ల నాన్న తలెత్తి వాడి వైపు చూశాడు. గురువారం ఫిజిక్స్ లెక్చరర్ ఉంటారు, వచ్చి మాట్లాడమన్నారు.

లాప్‌టాప్‌లో తెర మీది రాతను వినిపించే ఎన్‌వీడీఏ తెలుగు బాగానే చదువుతుంది. పీడీఎఫ్‌లో సమీకరణం దగ్గరికొచ్చేసరికి అంతా కలగాపులగం చేస్తుంది. లెక్కల పుస్తకంలో మొదటి రెండు చాప్టర్లు టైపు చేసి పెడితే కాలేజీ తెరిచేనాటికి వాడి చేతిలో ఉంటాయి. ఇవాళ ప్రమేయాలు మొదలుపెట్టాను, నాలుగు పేజీలయ్యాయి.