బెణుకు

మా మేనమామ నడకను నేను చూడకుండానే, చెవులతో గుర్తుపట్టగలను. కుడికాలు నిండుగా నేలను తాకుతుంది. ఎడమకాలు ఒక్క క్షణం ఆలోచించి, ముందు అంచు మోపి, ఆ తర్వాత మడిమను దించుతుంది. మా ఇంటి బండల వాకిట్లో ఆ చప్పుడు వినబడగానే అమ్మ పొయ్యి మీద చాయ్ గిన్నె పెట్టేది. పటాలంలో పనిచేసినవాళ్ళందరూ అలాగే నడుస్తారు కాబోలని చాలాకాలం అనుకున్నాను.

మాది నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఒక పల్లె. ఆ ప్రాంతపు నీళ్ళ సంగతి వినని తెలుగువారు అరుదు. లీటరు నీటిలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించరాదన్నది శాస్త్రజ్ఞుల మాట. మా బోరుబావులు ఆ హద్దును ఏనాడో దాటాయి. కృష్ణానీళ్ళు గొట్టాల్లో రాకముందు మా తరం పళ్ళు గారపట్టాయి, మా పెద్దల కీళ్ళు బిగుసుకుపోయాయి, నడుములు వంగిపోయాయి. అటువంటి ఊరికి ఒక మనిషి కుంటుతూ తిరిగివస్తే ఎవరు ఆశ్చర్యపోతారు? 2001లో మామ పదిహేడేళ్ళ సర్వీసు ముగించుకొని, నల్ల ట్రంకుపెట్టెతో బస్సు దిగిననాడు ఊరంతా ఒకటే మాట అన్నది: "మన నీళ్ళు యాడికి పోతయి?" సైన్యంలో దెబ్బతిన్న కాలు ఊరి కుంటితనంలో కలిసిపోయింది.

అసలు సంగతి నాకు చాలా ఏళ్ళకుగాని తెలియలేదు. మామ 1984లో చేరాడు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో శిక్షణ. 1993లో సిక్కిం కొండల్లో ఉండగా, ఒక రాత్రి మందుగుండు పెట్టె భుజానికెత్తుకొని మంచు మీద జారాడు. ఎడమపాదం లోపలికి మడతపడింది, దాని మీద మనిషి బరువు, పెట్టె బరువు రెండూ పడ్డాయి. పట్టీ కట్టారు, మాత్రలిచ్చారు, నాలుగు రోజులు తేలికపని చేయమన్నారు. ఎట్లా ఉన్నదని అడిగినవాళ్ళందరికీ మామ ఒకటే జవాబు చెప్పాడు: "ఏం గాదు, జరంత బెణికింది."

మా వైపు బెణుకు ఒక జబ్బు కాదు. పసుపూ సున్నమూ కలిపి పట్టు వేస్తారు, మర్నాడు పొలానికి పోతారు. నొప్పిని పైకి చెప్పుకోవడం నామోషీ. దానికితోడు, వైద్యవర్గం తగ్గితే ప్రమోషన్ ఆగుతుందన్న భయం. కానీ చీలమండ బయటివైపున ఎముకలను పట్టి ఉంచే నరాల్లాంటి కట్లు తెగి, వదులుగా అతుక్కుంటే, ఆ కీలు ప్రతి అడుగుకూ కొద్దికొద్దిగా ఊగుతూనే ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ లోపలి మృదులాస్థి అరిగి, ఆ అరుగుదల కీళ్ళవాతంగా మారుతుంది. మామ చెప్పిన బెణుకు ఎనిమిదేళ్ళపాటు అలా పనిచేసింది.

సర్వీసు ముగిసేనాటికి మెడికల్ బోర్డు ఆ కాలికి 20 శాతం వైకల్యం ఉన్నదని వ్రాసింది. ఆ కింది గడిలోనే, ఇది సైనిక సేవవల్ల కలిగినదీ కాదు, సేవవల్ల ముదిరినదీ కాదు అని కూడా వ్రాసింది. వైకల్య పింఛనుకు రెండూ కావాలి: వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు, దానికి సేవతో సంబంధం ఉండాలి. మొదటిది ఉన్నది, రెండవది లేదు. మామూలు పింఛను వచ్చింది, కాలికి మాత్రం ఏమీ రాలేదు. అప్పీలు చేసికోవచ్చునన్న ఇంగ్లీషు ఉత్తరం ట్రంకుపెట్టెలో పెళ్ళిపత్రికల కిందికి చేరింది.

ఈ కథలో రెండవ చీలమండ ఒకటి ఉన్నది. అది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అచ్చంపేట వైపు మనిషిది, మామకు రైలు ప్రయాణాల్లో పరిచయమైనవాడు. ఆగ్రాలో పారాచూట్ శిక్షణలో దిగేటప్పుడు ఆయన కాలు విరిగింది. అదే రోజు ఇంజురీ రిపోర్టు వ్రాశారు: తేదీ, వేళ, స్థలం, సాక్షి, డ్యూటీలో ఉండగా అన్న మాట. ఆయనకూ చివరికి తేలినది 20 శాతమే. పింఛను మాత్రం ఏ పేచీ లేకుండా వచ్చింది. 2015లో ఇద్దరూ దేవరకొండ బస్టాండులో కలుసుకున్నారు. మామ కథంతా విని ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు: "నీ కాలు, నా కాలు ఒక్కటేనయ్యా. కాయిదాలే ఏరు."

ఆయన చెప్పగా మామ, నేను జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్ళాము. అక్కడ తెలిసిన న్యాయం నన్ను ఆశ్చర్యపరిచింది. 1982 నాటి అర్హతా నియమాల్లోనే ఉన్నదట: సైన్యంలో చేరేనాడు వైద్యపరీక్షలో ఏ లోపమూ నమోదు కాకపోతే, ఆ మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తర్వాత ఆరోగ్యం చెడితే అది సేవవల్లనే అనుకోవాలి. కాదని నిరూపించవలసిన భారం సర్కారుది, సిపాయిది కాదు. 2013లో ధరంవీర్ సింగ్ కేసులో, మూర్ఛవ్యాధితో ఇంటికి పంపబడిన ఒక సిపాయి విషయంలో, సుప్రీంకోర్టు ఈ సంగతినే గట్టిగా చెప్పింది. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో మరో తీర్పు వచ్చింది: 50కి తక్కువైన శాతాన్ని 50గా లెక్కించే సౌకర్యం, సర్వీసు పూర్తిచేసి వచ్చినవారికీ వర్తిస్తుందని.

ఈ లెక్క చిన్నదేమీ కాదు. స్థూలంగా చెప్పాలంటే, నూరు శాతం వైకల్యానికి చివరి జీతంలో 30 శాతం ఇస్తారు. ఆ లెక్కన 20 శాతానికి వచ్చేది 6. అదే 50గా సవరిస్తే 15.

అంటే మామ పక్షాన మాట్లాడవలసిన కాగితం ఒకటి మొదటినుంచీ ఉన్నదన్నమాట. అది 1984లో పంతొమ్మిదేళ్ళ కుర్రవాడి కాళ్ళు చూసి, ఏ లోపమూ లేదని వ్రాసిన కాగితం. మర్రిగూడ నీళ్ళు తాగి పెరిగిన ఆ కాళ్ళను సైన్యమే తట్టి చూసి, బాగున్నాయని తీసుకున్నది. ఊరు అన్న మాటకు జవాబు ఆ ఒక్క పంక్తిలో ఉన్నది.

2007 చట్టంతో ఏర్పడిన సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో, మనకు వర్తించే చెన్నై పీఠం ముందు అర్జీ పెట్టాము. రెండేళ్ళకు అనుకూలంగా వచ్చింది. బకాయి మాత్రం, 2008 నాటి తర్సేమ్ సింగ్ తీర్పును అనుసరించి, అర్జీకి ముందు మూడేళ్ళకే ఇచ్చారు. దానికి ముందరి పదకొండేళ్ళు "ఏం గాదు" అన్న మాటకు చెల్లించిన మూల్యం.

ఉత్తర్వు వచ్చిననాడు డబ్బు ఎంతని మామ అడగలేదు. సేవవల్ల కలిగినదే అన్న వాక్యాన్ని తెలుగులో చెప్పమన్నాడు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. "ఇగ నీళ్ళది గాదన్నట్టే గద, అల్లుడా" అని చాలాసేపు ఆ కాలి వైపే చూస్తూ కూర్చున్నాడు.

మొన్న మామ మనుమడు అగ్నివీరుగా ఎంపికయ్యాడు. నాలుగేళ్ళ కొలువు, చివర పింఛను లేదు. సేవవల్ల వైకల్యం వస్తే ఒక్కసారి ఇచ్చే పరిహారం ఉన్నది: నూరు శాతానికి 44 లక్షలు, 75కి 25, 50కి 15. వాడికి ఈ అంకెలన్నీ తెలుసు. బస్సు కదిలేముందు అందరూ దండం పెట్టించుకొని దీవించారు. మామ కిటికీ దగ్గరికి నడిచివెళ్ళాడు, అదే చప్పుడుతో.

"బిడ్డా, దెబ్బ తాకితే ఏం గాదు అనకు. దెబ్బ తాకింది అను. అన్నది రాయించుకో. రాసింది ఒకటి నీ దగ్గర పెట్టుకో."

బస్సు వెళ్ళిపోయాక కూడా మామ కాసేపు అక్కడే నిలబడ్డాడు, బరువంతా కుడికాలి మీద మోపి.