ఏ చట్రాన్ని నేర్చుకోవాలి?

కంప్యూటరుకు ప్రోగ్రాము రాయబూనినవారు ప్రతిదీ మొదటినుంచి రాయనక్కరలేదు. వచ్చినవారి గుర్తింపు సరిచూడడం, వివరాలు భద్రపరచడం, అడిగిన పుటను తెరమీద చూపడం వంటి నిత్యకృత్యాలను ముందే అమర్చిపెట్టిన చట్రాలున్నాయి. వాటినే ఫ్రేమ్‌వర్కులంటారు. పడవకు పక్కటెముకలు నిలిపి ఇచ్చినట్లన్నమాట. పలకలు మనం బిగించుకోవాలి. అయితే అవి ఆ ఎముకల వంపునకు లోబడవలసిందే. చట్రాన్ని ఎన్నుకోవడమంటే కొన్నేళ్లపాటు మరొకరి ఆలోచనకు ఒదిగి ఉండడానికి సమ్మతించడం.

2018లో ఈ ఎన్నిక నాకు ఎదురైంది. మాది దక్షిణ అండమాన్‌లో, నాడు పోర్ట్ బ్లెయిర్ అనబడిన నేటి శ్రీ విజయపురం చెంతనున్న బ్రూక్షాబాద్. శ్రీకాకుళం జిల్లానుంచి వచ్చి స్థిరపడిన మా నాన్నగారు జంగ్లీఘాట్ రేవులో పడవలవారికి ముందుగా పెట్టుబడి ఇచ్చి, వారి చేపలు కొనేవారు. ఎవరికెంత ఇచ్చిందీ, ఎంత జమపడిందీ అంతా తెలుగులో రాసిన చిట్టాలోనే. చూపు మందగించి ఆయన తన అంకెలను తానే పోల్చుకోలేకపోతున్న రోజులవి. ఒక్క పద్దు తారుమారైతే పోయేది డబ్బొక్కటే కాదు, ఇరవయ్యేళ్ల నమ్మకం. ఆ చిట్టాను కంప్యూటరులోకి ఎక్కించాలని నా సంకల్పం.

హైదరాబాదు అమీర్‌పేటలో శిక్షణ పొందుతున్న మా బావగారు ఫోనులో, "యాంగులర్ గానీ రియాక్ట్ గానీ నేర్చుకో, ఉద్యోగాలన్నీ వాటికే" అన్నారు. అందులో నిజముంది. కాని మా దీవుల సంగతి వేరు. అప్పట్లో ఇక్కడికి ఇంటర్నెట్టు ఉపగ్రహం మీదుగా వచ్చేది. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన ప్రశ్న అక్కడికి ఎక్కి దిగి, జవాబు మళ్లీ ఎక్కి దిగేసరికి దాదాపు అరసెకను. అంతేకదా అనిపిస్తుంది. కాని రియాక్ట్‌తో పని ఆరంభించాలంటే వందలకొద్దీ చిన్న చిన్న పొట్లాలను తెప్పించుకోవాలి. నడుమ లంకె తెగితే పని నిలిచిపోయేది. యాంగులర్ విషయంలో మరొక శంక. 2010లో వెలువడిన ఆ చట్రాన్ని గూగుల్ వారు 2016లో ఆమూలాగ్రం తిరగరాశారు. పాతదానికి రాసినవి కొత్తదానిలో నేరుగా పనిచేయవు.

చివరకు జాంగోను ఎన్నుకున్నాను. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు లారెన్స్ పట్టణంలో, ఒక దినపత్రిక కార్యాలయంలో పుట్టి, 2005లో లోకానికి విడుదలైన చట్రమిది. అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడినా గిటారు మీద అద్భుతాలు చేసిన జాంగో రైన్‌హార్ట్ పేరు దానికి పెట్టారు. నన్ను ఆకర్షించింది పేరు కాదు. మూలప్రతితోపాటే వివరణ గ్రంథమంతా రావడం. ఒకసారి దింపుకుంటే ఆపైన లంకె ఉన్నా లేకున్నా ఒకటే. లెక్కలు దాచే ఎస్‌క్యూలైట్ పైథాన్ భాషతోనే వస్తుంది.

2020 ఆగస్టు 10న చెన్నైనుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు ప్రారంభమైంది. నేడైతే దూరం నాకు అడ్డు కాదు. అయినా వివరణ గ్రంథాన్ని కడదాకా చదవగలనా అన్న ప్రశ్ననే ముందు వేసుకుంటాను. ఉద్యోగాల జాబితా ఆ తర్వాత.

నేర్వడానికి నాలుగు నెలలు పట్టింది. తొలి మాసం కేవలం పైథానే. ఆపై జాంగోవారి అభ్యాసపాఠం, ఓట్లు లెక్కించే చిన్న ప్రోగ్రాము, రెండుసార్లు చేశాను. అసలు చిక్కు చిట్టాలో వచ్చింది. వేట సాగని రోజుల్లో ఇచ్చిన బియ్యం అందులో డబ్బుగా కాక బియ్యంగానే ఉంది. ధర కట్టడానికి నాన్నగారు ఒప్పుకోలేదు. అటువంటి పద్దును ఎక్కడ ఇమడ్చాలో ఏ చట్రమూ చెప్పదు. బియ్యానికి వేరే పట్టిక కట్టాను.

జాంగోలో తెలుగు కూడా ఉందని ఆ గ్రంథం చదువుతుంటేనే తెలిసింది. భాషను సూచించే ఒక్క పంక్తి మార్చగా, పద్దులు చేర్చే పుటమీది మాటలు చాలావరకు తెలుగులోకి వచ్చాయి. అక్షరాలు పెద్దవి చేసి నాన్నగారికి చూపాను. కొన్ని మాటలు ఇంగ్లీషులోనే మిగిలాయి. వాటి అర్థాలు నాచేత చెప్పించుకుని, చిట్టా వెనుక అట్టమీద పెద్ద పెద్ద తెలుగు అక్షరాలలో రాసుకున్నారు.