తాటిమ్రాకుల ఆపానభూమి

బెంజి సర్కిలు మోటారు కూతలకును ఆటోనగరు సమ్మెట పోట్లకును నడుమ ఇరుకుకొని, 1985లో బెజవాడ నగరపాలక సంస్థలో విలీనమగుదాక పంచాయతీ గ్రామముగానే యుండిన పటమటనుండి తెల్లవారుజాము బస్సెక్కి, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి బందరు దిక్కునకు పోవువారికి, చేలగట్లపై వరుసలు దీరిన తాళ్ళు కనబడును. డెబ్బది కిలోమీటర్ల యీ దారియే మన మద్యసీమ యని నేనన్నచో మిత్రులు నవ్విరి. ద్రాక్షతీగ నీరు నిలువని నేలను కోరును. 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి వరికి మడిగట్టి నిలిచిన యీ డెల్టా నల్లరేగడిలో దానికి చోటెక్కడిది? ఇచ్చటి ద్రాక్షాసవమునకు బదులు తాళాసవమే.

దీనిని పామరవ్యాపారముగా తలచువారు రఘువంశము చతుర్థసర్గను ఒకపరి తిరుగవేయవలయును. మహేంద్రగిరి ప్రాంతమున రఘుని యోధులు ఆపానభూములు కల్పించుకొని తమలపాకులతో నారికేళాసవమును గ్రోలిరని కాళిదాసంతవాడు వర్ణించెను గదా! మన తీరమున ఆపానభూమి యనగా చెట్టు మొదలే. పాత్ర యనగా తాటాకు దొప్పయే.

గీతగాని పని చూచితిని. నడుమునకు మోకు, పాదములకు బందము తగిలించుకొని, మొలను కత్తితో చెట్టెక్కి, గెలకొనను అరటినార మందమున చెక్కి, ముంత మార్చి దిగును. ఉదయమొకమారు, సాయంకాలమొకమారు, ప్రతి చెట్టునకును ఇదే నియమము. గీసిన గెల ముంజలు కాయదు గనుక రసమో ఫలమో ముందే నిశ్చయించుకొనవలయును. ముంత లోపల సున్నము పూసినచో రసము పులియక నీరాగా నిలుచును, కాచినచో తాటిబెల్లమగును. సున్నము లేనిచో ముంతలో పొంచియున్న ఈస్టు కొన్ని గంటలలోనే చక్కెరను మద్యముగా మార్చివైచును.

సూర్యోదయవేళ నాకు పోసిన మొదటి దొప్ప కేవలము తీపి, తాటిపువ్వు వాసన. ఒక జామైన పిదప రెండవది నాలుకను చురుక్కుమనిపించెను. ఎండ ముదిరినవేళ మూడవది పులిసి, ఘాటెక్కి, ప్రక్కన ఉప్పుచేప లేనిదే దిగనన్నది. చెట్టొక్కటే, ముంతయొక్కటే. “పొద్దుటిది పసిపిల్లలకైనా పొయ్యొచ్చు బాబుగారూ, ఎండెక్కిందంటే దాని బుద్ధి దానిదేనండి” అని గీతగాడనెను. ద్రాక్షరసము సంవత్సరములతో ముదురును; ఇది గంటలతో ముదురును, కావుననే సీసాకెక్కదు, ఓడకెక్కదు. 1611లో బందరున వర్తకశాల పెట్టిన ఆంగ్లేయుల జాతివారు మన బట్టలన్నియు కొనిపోయిరి గాని, దీని విషయమున మాత్రము హిందూస్థానీ ‘తాడీ’ని ‘టాడీ’గా మార్చుకొని పేరుతోనే తృప్తిపడవలసి వచ్చెను.

ఈ ముంత యొక మంత్రివర్గమును కూలద్రోసినది కూడ. మద్రాసు రాష్ట్రమునుండి సంక్రమించిన మద్యనిషేధమువలన వృత్తి కోల్పోయిన గీతకార్మికులు గౌతు లచ్చన్న నాయకత్వమున సత్యాగ్రహము సాగింపగా, ఆ వివాదము ముదిరి 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము శాసనసభలో ఒకే ఒక్క ఓటుతో ఓడెను. మూడేండ్లకు బెజవాడ బ్యారేజి పూర్తికాగా దానికాయన పేరే పెట్టిరి. అచ్చటినుండి వెడలిన నీరే యీ తాళ్ళ మొదళ్ళు తడుపుచున్నది.

2023లో హైదరాబాదున హుస్సేన్‌సాగరపు టొడ్డున ప్రభుత్వము నీరా కేఫు తెరచినది. బల్లలు, కుర్చీలు, శుభ్రమైన గ్లాసులు, మంచిదే. బందరు రోడ్డున అట్టి నీడ యొకటి యుండిన బాగుండునని నా కోరిక, కాని దొప్పకు బదులు గ్లాసిచ్చినచో సగము రుచి పోవునని నా యనుమానము.

పోదలచినవారు మాఘము వెళ్ళిన పిమ్మట, ప్రొద్దు పొడువకముందే పొండు. చెట్టు కనబడని చోట అమ్మెడు కల్లును మాత్రము ముట్టకుడు. అందులో కలిపెడు మత్తుపొడులకును తాటిచెట్టునకును ఏ చుట్టరికమును లేదు.