మూలన రాసిన పేరు

మా ఊళ్లో సున్నానికి కరువు లేదు. దాచేపల్లి, పిడుగురాళ్ల చుట్టుపట్ల నేల కింద ఎక్కడ తవ్వినా సున్నపురాయే. మా అమ్మ బట్టీ దగ్గర ఆ రాయి మోసింది. ఆ సున్నం ఊరి గోడల్ని తెల్లగా చేసింది, మా అమ్మ అరచేతుల్ని పగలగొట్టింది. ఆ తెల్లగోడల మీద పేర్లు రాసి నేను బతికాను. ఒక్కటి తప్ప అన్ని పేర్లూ రాశాను.

పదో తరగతి తప్పినాక బస్టాండు కాడ బోర్డులు రాసే ఆయన దగ్గర చేరాను. ఆరునెల్లు రంగు డబ్బాలు కడిగాను. నీలిమందులో తడిపిన దారం గోడకి బిగబట్టి కొట్టి గీతలు తీశాను. ఆ తర్వాతే కుంచె చేతికిచ్చాడు.

"ఒరే అబ్బాయ్, హైదరాబాదు బస్సు నీ రాత కోసం ఆగదురా. బస్సులో వాడు దాటిపోయేలోపు నీ అక్షరం వాడి కంట్లో పడాల" అనేవాడు.

అందుకే లావు అక్షరం. అందుకే వాలు అక్షరం. పుస్తకంలో అక్షరానికి ఒకచోట సన్నం, ఒకచోట మందం ఉంటాయి. గోడ మీద ఆ సోకులు పనికిరావు. పట్టీ కుంచె వెడల్పు ఎంతో అక్షరం ఒళ్లంతా అంతే. గీతలన్నీ కుడికి ఒకే తీరున వాలితే పేరు పరిగెత్తినట్టు ఉంటది. ఎన్నికలకీ, సినిమాకీ, పత్తి విత్తనాలకీ అదే రాత. తలకట్టు పుట్టుకతోనే వాలి ఉంటది, దాన్ని ఇంకా వాలిస్తే పడిపోద్ది. కాబట్టి దాన్ని కాస్త లేపి రాయాలి. ఇదంతా ఏ బళ్లోనూ చెప్పలేదు. చెయ్యే నేర్చుకుంది.

ఒక ఎన్నికల్లో ఊళ్లో ఒక పెద్దింటి ప్రహరీ నిండా ఆ ఇంటాయన పేరు రాశాను. పొద్దుటి నుంచి ఎండలోనే. దాహమేస్తే ఇంటామె చెంబు ఎత్తిపట్టి నా దోసిట్లో పోసింది. గోడ ముట్టుకోవచ్చు, చెంబు ముట్టుకోకూడదు! సాయంత్రం పని అయ్యాక, రాసేవాళ్లందరూ చేసినట్టే, కింద మూలన చిన్నగా నా పేరు రాసుకున్నాను. ఆయన బయటికొచ్చి చూశాడు.

"నా గోడ మీద ఆ పేరేందిరా?"

"రాసినోడి పేరండి. అందరూ రాసుకుంటారండి."

"తుడువ్."

తుడిచాను. తుడిచిన గుడ్డ కూడా నాదే. ఆయన పేరు మాత్రం రెండు వానాకాలాలు చెక్కుచెదరలేదు. అంత గట్టిగా రాసింది నేనే.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ రెండుసార్లూ మా పల్లె గోడల మీద నేను రాశాను. కూలి లేదు. రంగు నాదే, సున్నం అమ్మ తెచ్చిందే. అదే లావు, అదే వాలు. ఒక ముసలాయన చానాసేపు నిలబడి చూసి, "మనోళ్ల గురించి ఇంత పెద్దగా రాయటం ఇదే చూట్టంరా" అన్నాడు. ఆయనకి చదువు రాదు. అక్షరం సైజు అర్థమైంది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి. కుంచెలు ఎండిపోయినాయి. మొన్నొక ఏప్రిల్ 14కి పల్లె కుర్రాళ్లు ఫ్లెక్సీ వేయిద్దామని నన్నూ తీసుకెళ్లారు. కంప్యూటర్ కుర్రాడు 'అంబేడ్కర్' అని కొట్టి, లావు చేసి, ఒక్క నొక్కుతో వాల్చేశాడు. చూస్తే ఏముంది? నిలువు అక్షరాన్ని యంత్రం తోస్తే పైభాగం ముందుకి, కిందిభాగం వెనక్కి జరుగుతాయి. 'బే' నెత్తిన ఏత్వం పోయి 'డ' మీద పడింది. 'డ' కింద ఉండాల్సిన క వత్తు 'బే' కిందికొచ్చింది. 'జై భీమ్'లో భ కింది గీత లావులో పూడిపోయి బ అయింది.

"ఆగు బాబూ, ఆయన పేరట్టా రాయకూడదు" అన్నాను. పక్కన కూర్చుని వత్తుని దాని అక్షరం కిందికి లాగించాను. భ కింద సందు తీయించాను. గంట పట్టింది. కుర్రాడు విసుక్కోలేదు. "ఇవన్నీ మాకెవరు చెప్పారు బాబాయ్" అన్నాడు.

తప్పు వాడిది కాదు. ఇవాళ ఎవరికైనా ఉచితంగా దొరికే లావు అక్షరం 'రామభద్ర' ఉంది. రాయల కొలువులో కవి పేరు పెట్టారు. దానికి విడిగా గీసిన వాలు రూపం లేదు, యంత్రం తోయాల్సిందే. 1501లో వెనిస్‌లో ఆల్దస్ మనూషియస్ వర్జిల్ కావ్యాన్ని వాలు అక్షరాలతో అచ్చువేశాడు. నిలువు అక్షరాన్ని తోసి కాదు, చేతిరాత చూసి కొత్తగా చెక్కించి. చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. ఆ పుస్తకంలోనే అతని చేతిపనిని పొగుడుతూ ఆల్దస్ మూడు పాదాలు వేశాడు. అయిదువందల ఏళ్ల కింద ఒక అచ్చాయన చేసిన మర్యాద అది. మా ఊరి ప్రహరీ మీద నాకు మూలన నాలుగు అంగుళాలు దక్కలేదు.

ఆ ఫ్లెక్సీ అచ్చుకి పోయేముందు కుర్రాడిని ఇంకొకటి అడిగాను. కింద కుడి మూలన, చిన్నగా, నా పేరు పెట్టమన్నాను. లావుగానే, వాలుగానే. పెట్టాడు. పల్లె మొగదల దాన్ని కట్టాం. ఎవరూ తుడవమనలేదు.