ఫెయిల్ అన్న ఒక్క మాట

మార్కుల జాబితాలో ‘ఫెయిల్’ అన్న మాట కనబడితే నా మనసు శ్రీహరికోటకు పోతుంది. 1979 ఆగస్టు 10న ఉపగ్రహ వాహక రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 అక్కడే పైకి లేచి, బంగాళాఖాతంలో పడిపోయింది. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో వాల్వు కారింది, అది ఫాల్ట్. ఫర్వాలేదనుకుని ప్రయోగానికి సాగడం ఎర్రర్. ఉపగ్రహం కక్ష్య చేరకపోవడం ఫెయిల్యూర్. లోపం వస్తువుది, పొరపాటు నిర్ణయానిది, వైఫల్యం ఆ పూట ఫలితానిది. మూడింటిలో ఏదీ మనిషికి పెట్టే పేరు కాదు. అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్‌కు అది తెలుసు. విలేకరుల ముందు భారమంతా తనమీద వేసుకున్నారు. 1980 జూలై 18న మరో ఎస్‌ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. పరీక్ష తప్పిన బిడ్డను ‘ఫెయిల్’ అని పిలవకండి. పక్కన కూర్చుని, ఎక్కడ తప్పిందో కలిసి వెతకండి.